కండోమ్ చినిగినా, వాడకపోయినా: 72 గంటల నుంచి 90వ రోజు దాకా ఏం చేయాలి

ముందు గడియారం చూడండి. కలిసి ఎన్ని గంటలైంది? ఇప్పుడు చేయాల్సిన పనులన్నీ ఈ ఒక్క లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి. 72 గంటలు దాటకపోతే మందుతో ఆపగలిగేవి రెండున్నాయి: హెచ్‌ఐవీ, అక్కర్లేని గర్భం. 72 దాటితే పరుగులు పెట్టాల్సిన పని చాలావరకు తగ్గుతుంది, ఆ తర్వాత నడిపించేది క్యాలెండరే. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మొదటి మూడు రోజులూ సిగ్గుతో, భయంతో ఫోన్‌లో వెతుకుతూ గడిపేసి, నాలుగో రోజున ల్యాబ్‌కు పరుగెత్తుతారు. నాలుగో రోజు చేయించే హెచ్‌ఐవీ పరీక్ష ఆ కలయిక గురించి ఏమీ చెప్పదు.

మొదటి గంటల్లో

మూత్రానికి వెళ్లి రండి. పైపైన మామూలు నీళ్లతో, కావాలంటే మెత్తటి సబ్బుతో కడుక్కోండి. అంతే. యోని లోపలికి, మలద్వారం లోపలికి నీళ్లు కొట్టి కడగవద్దు. లోపలి పొర దెబ్బతిని ఇన్‌ఫెక్షన్‌కు దారి ఇంకాస్త తెరుచుకుంటుంది. డెట్టాల్, సావ్లాన్, స్పిరిట్, నిమ్మరసం ఏవీ వద్దు. డెట్టాల్ పోసుకున్న అంగం రెండో రోజుకల్లా ఎర్రబడి, తోలు లేచి, మంట పెడుతుంది. ఆ మంటనే జబ్బనుకుని మళ్లీ డెట్టాల్ పోస్తారు.

మీ ఇష్టం లేకుండా, బలవంతంగా జరిగి ఉంటే స్నానం చేయకుండా, బట్టలు ఉతక్కుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటైనా ఉచితంగా చికిత్స చేయాల్సిందేనని చట్టం చెబుతోంది. పోలీసు కేసు పెట్టారా లేదా అన్నది చికిత్సకు అడ్డు కాకూడదు. మహిళల సాయానికి 181, అత్యవసరానికి 112 నంబర్లు రాత్రి పగలు పనిచేస్తాయి.

కాగితం మీద ఆరు ప్రశ్నలు

భయం తలలో తిరుగుతున్నంతసేపు పెరుగుతూనే ఉంటుంది, రాస్తే ఒక కొలతకు వస్తుంది. రాయండి: ఏ తేదీ, ఎన్ని గంటలకు? ఏ రకం కలయిక (యోనిలోనా, మలద్వారంలోనా, నోటితోనా, చేతితోనా)? కండోమ్ మొదటి నుంచి చివరి దాకా ఉందా, చినిగిందా? వీర్యం లోపల పడిందా? పుండ్లు, రక్తం ఏమైనా ఉన్నాయా? ఎదుటివారి హెచ్‌ఐవీ సంగతి మీకు తెలుసా?

ఇప్పుడు రిస్కు చూడండి. ఎదుటివారికి హెచ్‌ఐవీ ఉండి, మందులు వాడకపోతే, కండోమ్ లేకుండా ఒక్కసారి కలిస్తే అంటుకునే అవకాశం ఇలా లెక్కగడతారు. మలద్వారంలో తీసుకున్నవారికి 10,000కు సుమారు 138, అదే కలయికలో రెండోవారికి 11. యోని కలయికలో స్త్రీకి 8, పురుషుడికి 4. సుఖవ్యాధి పుండ్లున్నా, ఎదుటివారికి హెచ్‌ఐవీ కొత్తగా సోకి ఉన్నా ఈ అంకెలు పెరుగుతాయి. కాబట్టి ఇది 'ఏం కాదులే' అని వదిలేయడానికి ఇచ్చిన లెక్క కాదు. 'అయిపోయింది, నా బతుకు ముగిసింది' అనుకోవడానికి ఆధారం లేదని చెప్పే లెక్క.

ముద్దు, కౌగిలి, చేతితో చేసుకోవడం, మసాజ్, బట్టల మీద రాపిడి, టాయిలెట్ సీటు: వీటితో హెచ్‌ఐవీ రాదు. వీటి కోసం పరీక్షకు కూడా వెళ్లనక్కర్లేదు. నోటితో చేస్తే హెచ్‌ఐవీ ముప్పు బాగా తక్కువే కానీ సెగ వ్యాధి (గనోరియా), సవాయి (సిఫిలిస్), హెర్పిస్ ఆ దారిన కూడా వస్తాయి. ఇక ఎదుటివారికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తెలిసినా, రోజూ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే) మందులు వేసుకుంటూ వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, మిల్లీలీటరుకు 200 కాపీల లోపు నిలకడగా ఉంటే లైంగికంగా అంటదు. ఇది ఓదార్పు మాట కాదు, వేల జంటలను ఏళ్ల తరబడి గమనించి తేల్చిన విషయం.

72 గంటల లోపు: పెప్

రిస్కు నిజంగా ఉందని తేలితే, హెచ్‌ఐవీ సోకకుండా ఆపే పెప్ అనే మందు ఉంది. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డొలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి చొప్పున 28 రోజులు. మొదటి మాత్ర ఎంత త్వరగా పడితే అంత మంచిది, రెండు గంటల్లో పడితే మరీ మంచిది. 72 గంటలు దాటాక మొదలుపెట్టరు. ఎందుకంటే వైరస్ మొదట కలయిక జరిగిన చోటి కణాల్లో ఉండి, రెండు మూడు రోజుల్లో లింఫ్ గ్రంథులకు, అక్కడి నుంచి ఒంటికంతా పాకుతుంది. పాకకముందే ఆపాలి.

ఎక్కడ దొరుకుతుంది? ఏఆర్‌టీ సెంటర్ ఉన్న పెద్దాసుపత్రుల్లో అడగండి. హైదరాబాద్ గాంధీ, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్‌లలో ఈ సెంటర్లున్నాయి. రాత్రయితే క్యాజువాలిటీకే వెళ్లండి. 'ఇది నర్సులకు సూది గుచ్చుకుంటే ఇచ్చేది, మీకివ్వం' అనే మాట కొన్నిచోట్ల వినిపిస్తుంది. అక్కడ వాదిస్తూ గంటలు పోగొట్టుకోవద్దు. అదే రోజు ప్రైవేటులో జనరల్ ఫిజీషియన్‌నో, ఇన్‌ఫెక్షన్ల స్పెషలిస్టునో, చర్మవ్యాధుల డాక్టర్‌నో కలిసి చీటీ రాయించుకుంటే పెద్ద మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. ఎటు వెళ్లాలో తెలియకపోతే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఉచిత నంబర్ 1097కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మొదలుపెట్టేముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు) పరీక్షలకు రక్తం తీస్తారు. రిపోర్టు వచ్చేదాకా మొదటి మాత్ర ఆపకూడదు. మాత్ర వేసి తర్వాత రిపోర్టు చూడటమే పద్ధతి. హెపటైటిస్ బి ఎందుకంటే, ఈ మందులో రెండు దాని మీద కూడా పనిచేస్తాయి. ఆ జబ్బు ఉన్నవారు 28 రోజుల తర్వాత చటుక్కున ఆపితే కాలేయం వాచే ప్రమాదం ఉంది, డాక్టర్ చెప్పాకే ఆపాలి.

వేసుకునేటప్పుడు తప్పులు ఇక్కడ జరుగుతాయి:

- గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ సిరప్, మాత్రలు డొలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. పెప్ మాత్ర యాంటాసిడ్‌కు 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో వేసుకోండి. ఐరన్, క్యాల్షియం మాత్రలున్నవారు వాటినీ పెప్ మాత్రనూ భోజనంతో కలిపి వేసుకోవచ్చు, ఖాళీ కడుపుతో కలపకూడదు.
- షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డాక్టర్‌కు చెప్పి తీరాలి. రోజు మోతాదు 1000 మిల్లీగ్రాములు దాటకుండా చూస్తారు.
- నిద్ర పట్టకపోతే మాత్రను ఉదయానికి మార్చుకోండి. కాస్త వికారం, తలనొప్పి మొదటి వారంలో మామూలే.
- పదో రోజున 'ఒళ్లు బాగానే ఉంది కదా' అని ఆపేయడం. పెప్ విఫలమయ్యే కారణాల్లో ముందుండేది ఇదే. ఒక పూట మరిస్తే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని కొనసాగించండి, మర్నాడు రెండు కలిపి మింగవద్దు.

గర్భం, హెపటైటిస్ బి టీకా

గర్భం వద్దనుకునే స్త్రీ లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి 72 గంటల్లోపు వేసుకోవాలి. మొదటి రోజు వేసుకుంటే పనిచేసినంత మూడో రోజున పనిచేయదు. షాపులో చీటీ లేకుండా ఇస్తారు, ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర కూడా ఉంటుంది. వేసుకున్న 2 గంటల్లోపు వాంతయితే మళ్లీ వేసుకోవాలి. మూడు రోజులు దాటితే ఐదో రోజు వరకు కాపర్‌-టీ వేయించుకునే వీలుంది, అది మాత్ర కంటే గట్టిగా పనిచేస్తుంది. తర్వాతి నెలసరి నాలుగు రోజులు అటూ ఇటూ కావడం సహజం. కలిసిన మూడు వారాలకు మూత్ర పరీక్ష చేస్తే సంగతి తేలిపోతుంది. ఈ మాత్ర సుఖవ్యాధుల్ని ఆపదు.

హెపటైటిస్ బి టీకా ఎప్పుడూ వేయించుకోకపోతే మొదటి డోసు వీలైతే 24 గంటల్లో, కాకపోయినా 14 రోజుల్లోపు. తర్వాత ఒక నెలకు, ఆరు నెలలకు. దీన్ని దాదాపు అందరూ మరిచిపోతారు.

క్యాలెండర్ గీయండి

కలిసింది జూన్ 1 రాత్రి అనుకుందాం. జూన్ 4 రాత్రితో 72 గంటలు ముగుస్తాయి. జూన్ 15న, అంటే 14 రోజులకు, గనోరియా, క్లమీడియాలకు మూత్ర పరీక్ష. జూలై 16న, 45 రోజులకు, ఫోర్త్ జనరేషన్ హెచ్‌ఐవీ పరీక్ష, దాంతో పాటే సవాయికి వీడీఆర్‌ఎల్ అనే రక్త పరీక్ష. ఆగస్టు 30న, 90 రోజులకు, చివరి హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్, హెపటైటిస్ బి, సి. మీ తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి. మధ్యలో జబ్బు లక్షణం కనిపిస్తే తప్ప ఈ తేదీలకు ముందు ల్యాబ్ గడప తొక్కవద్దు.

ఇలా రోజులు ఎందుకంటే, ర్యాపిడ్ కిట్లు వైరస్‌ను కాదు, మన ఒళ్లు తయారుచేసే యాంటీబాడీని పట్టుకుంటాయి. అది తయారవడానికి 23 నుంచి 90 రోజులు పట్టొచ్చు. ఫోర్త్ జనరేషన్ పరీక్ష యాంటీబాడీతో పాటు వైరస్‌లోని పీ24 అనే ముక్కను కూడా చూస్తుంది. అందుకే నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేస్తే 45 రోజులకే నమ్మదగ్గ జవాబిస్తుంది. వేలి చివర గుచ్చి చేసే కిట్టుకు ఇది వర్తించదు. వేల రూపాయలు పోసి పన్నెండో రోజునే, వైరస్‌ను నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష చేయించేవారున్నారు. నెగెటివ్ వచ్చినా చివరి పరీక్ష తప్పదు, భయం మాత్రం రెండు రోజుల్లో తిరిగొస్తుంది. పెప్ వాడినవారికి మందే ఈ లెక్కను వెనక్కి నెడుతుంది. వాళ్లు 45వ రోజును ముగింపుగా తీసుకోకూడదు, 90 రోజుల పరీక్షే లెక్క. కొందరికి ఆరు నెలలకు ఇంకోసారి చేయమంటారు.

మూత్ర పరీక్షకు వెళ్లేముందు కనీసం గంటసేపు మూత్రం పోయకూడదు. ఇచ్చేటప్పుడు మొదట వచ్చే 20-30 మిల్లీలీటర్లే పట్టాలి. మామూలు యూరిన్ పరీక్షలో మధ్యలోది పడతారు కదా, ఇక్కడ అలా పడితే క్రిములు కడుక్కుపోయి రిపోర్టు తప్పుతుంది. నోటితో, మలద్వారంతో కలిసినవారికి మూత్రం చాలదు, ఆ చోటి నుంచే స్వాబ్ తీయాలి. అడగకపోతే తీయరు.

ఇంకో మాట. హెచ్‌ఐవీ రిపోర్టులో ల్యాబ్ ఒక అంకె ముద్రిస్తుంది: 0.12, 0.25 అని. 1.00 లోపు ఏదైనా నెగెటివే. పోయిన నెల 0.12 ఉన్నది ఈ నెల 0.25 అయిందని, 'వైరస్ పెరుగుతోంది' అని రాత్రంతా మేలుకునేవారు ఎందరో. అది మిషన్ చదువులో వచ్చే చిన్న తేడా, దానికి అర్థం లేదు. 'నాన్ రియాక్టివ్' అన్న మాట చూసి కాగితం మడిచేయండి.

ఐసీటీసీలో ఏం జరుగుతుంది

జిల్లా ఆసుపత్రి, ఏరియా ఆసుపత్రి, చాలా సీహెచ్‌సీల్లో ఐసీటీసీ అని బోర్డు ఉంటుంది, హెచ్‌ఐవీకి కౌన్సెలింగ్, పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రం అది. లోపల కౌన్సెలర్ తలుపు వేసి మాట్లాడతారు. కలయిక ఎప్పుడు, ఎలా అని అడుగుతారు, ఎవరితో అని పేరు అడగరు. మీరు ఒప్పుకున్నాకే పక్కనున్న టెక్నీషియన్ రక్తం తీస్తారు. ఫలితం ఎక్కువగా అదే రోజు మీ చేతికే ఇస్తారు. రూపాయి ఖర్చు లేదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితాన్ని బయటపెట్టకూడదు. కోర్టు ఆదేశం లాంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. తెలిసినవాళ్లు కనిపిస్తారని జంకు ఉంటే పక్క జిల్లా ఐసీటీసీకి వెళ్లండి, ఏ ఊరివారైనా ఎక్కడైనా చేయించుకోవచ్చు.

పరీక్ష ఉచితంగా అవుతుందని రక్తదానానికి వెళ్లడం మహా ప్రమాదం. విండో పీరియడ్‌లో (వైరస్ ఉన్నా పరీక్షకు దొరకని మొదటి రోజుల్లో) ఉన్న రక్తం పరీక్షలో దొరక్కుండా ఇంకొకరి ఒంట్లోకి పోవచ్చు.

కరీంనగర్, నిజామాబాద్, కడప వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు వీసా మెడికల్‌లో హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుందని తెలిసిందే. రిస్కు జరిగితే మెడికల్ తేదీకి ముందే, విండో చూసుకుని ఐసీటీసీలో చేయించుకోవడం మేలు. బ్రిటన్‌లో చదువుకునే పిల్లలైతే అక్కడి ఎన్‌హెచ్‌ఎస్ సెక్సువల్ హెల్త్ క్లినిక్‌లో పరీక్షలు, పెప్ ఉచితం. రాత్రయితే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఏది లక్షణం, ఏది కాదు

పసుపుపచ్చ చీము, మూత్రంలో గట్టి మంట 2 నుంచి 7 రోజుల్లో మొదలైతే అది సెగ వ్యాధి, అంటే గనోరియా, కావొచ్చు. క్లమీడియా ఒకటి నుంచి మూడు వారాల తర్వాత నీళ్లలాంటి స్రావంతో వస్తుంది, ఎక్కువమందికి, ముఖ్యంగా స్త్రీలకు, ఏ లక్షణమూ ఉండదు. సుమారు మూడు వారాలకు నొప్పి లేని ఒకే ఒక పుండు వచ్చి, గజ్జల్లో బిళ్ళలు కడితే సవాయి అనుమానించాలి. ఆ పుండు దానంతటదే మానిపోతుంది, జబ్బు మాత్రం లోపల ఉంటుంది. గుంపుగా చిన్న నీటి పొక్కులు, పగిలి మంట పెడితే హెర్పిస్. ఇవి కనిపిస్తే క్యాలెండర్ పక్కన పెట్టి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌కో, చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికో వెళ్లండి.

సురక్ష క్లినిక్‌లలో లక్షణాన్ని బట్టి రంగు కిట్లు ఇస్తారు. స్రావానికి ఇచ్చే బూడిదరంగు కిట్‌లో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉంటాయి. మెడికల్ షాపులో అడిగి సిప్రోఫ్లాక్ససిన్ మింగితే సెగకు ఇప్పుడు పనిచేయదు. ఆర్‌ఎంపీ చేత ముందు జాగ్రత్త ఇంజెక్షన్ వేయించుకుంటే లక్షణం మాసిపోయి జబ్బు నిలిచిపోవచ్చు, తర్వాత చేసే పరీక్ష కూడా అయోమయమవుతుంది. రైలు పట్టాల పక్క గోడల మీద 'గుప్త రోగాలకు గ్యారంటీ' అని రాసి ఉండే నంబర్ల జోలికి పోకండి.

ఇక జబ్బు కానివి. అంగం శిరసు అంచు చుట్టూ వరుసగా ఉండే తెల్లటి సన్న బొడిపెలు, తిత్తి మీద నూకల్లాంటి గింజలు సహజమైన చర్మ స్వభావమే, ఇన్నాళ్లూ చూసుకోలేదంతే. చీము వస్తోందా అని గంటకోసారి అంగాన్ని పిండి చూస్తే, ఆ పిండటానికే మూత్రనాళం ఒరిసి మంట, జిగురు వస్తాయి. పిండటం మూడు రోజులు పూర్తిగా ఆపి చూడండి. నాలుక తెల్లబడటం, గొంతు నొప్పి, 99 డిగ్రీల వేడి, విరేచనాలు: ఇవి హెచ్‌ఐవీకి గుర్తులుగా ఫోన్‌లో కనిపిస్తాయి, నిద్ర లేక, అన్నం తినక, ఆందోళనతో ఉన్న ప్రతి మనిషికీ ఉంటాయి. హెచ్‌ఐవీ సోకిన కొందరికి రెండు నుంచి నాలుగు వారాలకు జ్వరం, దద్దుర్లు వస్తాయన్నది నిజమే, డెంగీకీ మామూలు వైరల్ జ్వరానికీ అవే వస్తాయి. లక్షణం చూసి ఉందనీ, లేదనీ ఎవరూ చెప్పలేరు.

మధ్యలో మిగిలే భయం

రోజుకు ఒక ఇరవై నిమిషాలు, పగటి పూట, భయపడటానికి కేటాయించండి. ప్రశ్నలు కాగితం మీద రాసి కౌన్సెలర్‌కు చూపడానికి దాచండి. మిగతా సమయంలో ఆలోచన వస్తే 'సాయంత్రం ఆరింటికి' అని వాయిదా వేయండి. జబ్బుల బొమ్మలు వెతకవద్దు, అద్దం ముందు పరీక్ష వద్దు, థర్మామీటర్ బీరువాలో పెట్టేయండి. నిద్ర కోసం మద్యం తాగితే తెల్లవారుజామున దడ రెట్టింపవుతుంది.

పెళ్లయినవారిలో ఈ భయంలో సగం జబ్బు భయం కాదు, తప్పు చేశానన్న బరువు. రక్త పరీక్ష దాన్ని దించలేదు, అందుకే నెగెటివ్ కాగితం చేతికొచ్చినా మనసు ఒప్పుకోదు. రెండింటినీ విడదీసి చూడండి. ఇంట్లోవాళ్లకు చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయం, ఐసీటీసీ కౌన్సెలర్ అందులో సాయపడతారు. చివరి పరీక్ష దాకా జీవిత భాగస్వామితో కండోమ్ లేకుండా కలవకూడదన్నది మాత్రం ఇష్టాయిష్టాల విషయం కాదు. భార్య గర్భవతి, బాలింత అయితే మరీ ముఖ్యం.

90 రోజుల పరీక్ష నెగెటివ్ వచ్చాక కూడా నాలుగోసారి, ఐదోసారి ల్యాబ్ మారుస్తున్నారంటే అది హెచ్‌ఐవీ కాదు, ఆందోళన జబ్బు. సైకియాట్రిస్టు దగ్గర మందు ఉంది, మాట్లాడి తగ్గించే పద్ధతీ ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, రోజంతా ఉంటుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే పరీక్ష తేదీ దాకా ఆగకండి, ఇప్పుడే ఆ నంబర్‌కు ఫోన్ చేయండి.

రియాక్టివ్ అని వస్తే

ఒక్క కిట్టుతో ఏదీ ఖాయం కాదు. ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చూశాకే పాజిటివ్ అంటారు. ప్రైవేటు ల్యాబ్‌లో రియాక్టివ్ వస్తే ఆ కాగితం పట్టుకుని ఐసీటీసీకి వెళ్లండి. ఖాయమైతే ఏఆర్‌టీ ఉచితం, రోజుకొక మాత్ర, ఆలస్యం లేకుండా మొదలుపెడితే వయసుకు తగ్గ ఆయుష్షు ఉంటుంది. సవాయి తొలి దశలోనే దొరికితే బెంజథిన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్క మోతాదుతో నయమవుతుంది.

ఇలాంటి రాత్రులు మళ్లీ మళ్లీ వచ్చే జీవితమైతే ప్రతిసారీ పెప్ వెంట పడకుండా, హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే ప్రెప్ మందు గురించి డాక్టర్‌ను అడగండి. కండోమ్ చినగడానికి కారణాలు ఎక్కువగా ఇవే: పర్సులో నెలల తరబడి ఒరిసిపోవడం, కొబ్బరినూనె, వ్యాసలీన్ రాయడం, చివర గాలి వదలకుండా తొడగడం, పళ్లతో ప్యాకెట్ చింపడం, ఒకదాని మీద ఒకటి రెండు వేసుకోవడం. జారుడు కావాలంటే నీళ్లతో చేసిన జెల్ వాడండి. అయిపోగానే, మెత్తబడకముందే, కండోమ్‌ను మొదలు దగ్గర వేళ్లతో పట్టుకుని బయటికి తీయండి.